ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్ మీద ఫ్యాక్స్: రెండో పేజీ దాటడం లేదు, కొన్ని నంబర్లకి అసలు మొదలే కావడం లేదు

శ్రీలక్ష్మి (ఫ్రిస్కో, టెక్సస్) అడిగింది:

అందరికీ నమస్కారం. మాది చిన్న క్లినిక్. పాత రాగి లైను తీసేసి, ఫ్యాక్స్ నంబర్‌ని ఒక ఇంటర్నెట్ ఫోన్ కంపెనీకి పోర్ట్ చేశాం. ఫ్యాక్స్ కోసం విడిగా గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టి801 అడాప్టర్, దానికి లేజర్ మల్టీఫంక్షన్ మెషీన్. ఇంటర్నెట్ కేబుల్ కనెక్షన్: డౌన్‌లోడ్ 300, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. అడాప్టర్ వైఫై మీద లేదు, స్విచ్‌కి వైరుతోనే ఉంది.

బయటినుంచి వచ్చే ఒకటి రెండు పేజీల ఫ్యాక్స్‌లు బాగానే వస్తున్నాయి. ఇన్సూరెన్స్ వాళ్లకి ప్రయర్ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) కాగితాలు ఆరు నుంచి పది పేజీలు పంపితే మాత్రం రెండో పేజీ దగ్గరో మూడో పేజీ దగ్గరో "కమ్యూనికేషన్ ఎర్రర్" అని తెగిపోతోంది. కొన్ని ఫార్మసీ నంబర్లకైతే మొదటి పేజీ కూడా లోపలికి పోదు. ఓ 40 సెకన్లు కీచుమని కూసి ఆగిపోతుంది. అదే లైనుకి మామూలు ఫోన్ తగిలించి మాట్లాడితే మాట చక్కగా వినిపిస్తోంది.

సపోర్ట్‌కి ఫోన్ చేస్తే టి.38 (ఫ్యాక్స్‌ని శబ్దంగా కాక డేటాగా పంపే పద్ధతి) ఆన్ చేయమన్నారు. చేస్తే కొన్ని నంబర్లు బాగయ్యాయి, కొన్ని ఇంకా పాడయ్యాయి. ఈసీఎం (మెషీన్‌లో తప్పులు దిద్దే ఏర్పాటు) తీసేయమని కొందరంటారు, దాని జోలికి పోవద్దని కొందరంటారు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?


నెట్_మూర్తి:

శ్రీలక్ష్మి గారూ, మాట బాగుంది కాబట్టి లైను బాగుందన్న లెక్క ఫ్యాక్స్‌కి చెల్లదండి. ఫోన్ కాల్‌లో సెకనుకి 50 ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో 20 మిల్లీసెకన్ల శబ్దం వెళ్తుంది. ఒకటి పోతే అడాప్టర్ ముందు శబ్దాన్నే సాగదీసి ఆ ఖాళీ పూడ్చేస్తుంది, చెవికి తెలియదు. 14,400 వేగంతో నడిచే మోడెమ్‌కి ఆ 20 మిల్లీసెకన్లలో 288 బిట్లు పోయినట్టు. వెయ్యిలో ఒక్క ప్యాకెట్ పోయినా 20 సెకన్లకి ఒకటి పోతున్నట్టే లెక్క. పేజీ వెళ్లడానికి అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది కాబట్టి ప్రతి పేజీకీ దెబ్బ తగులుతుంది. ఒక పేజీ ఫ్యాక్స్ గట్టెక్కుతుంది, పది పేజీలది ఎక్కడో ఒకచోట తెగుతుంది.

మీరు చెప్పినవాటిలో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. రెంటినీ ఒకటిగా చూసి సెట్టింగులు మారుస్తూ పోతే ఎప్పటికీ తేలదు. మధ్య పేజీలో తెగడం ప్యాకెట్లు పోవడం వల్ల, లేదా ఆలస్యం ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల. 40 సెకన్లు కూసి ఆగిపోవడం రెండు మెషీన్ల మధ్య తొలి పరిచయమే కుదరకపోవడం. టి.30 ప్రమాణం ప్రకారం అవతలి మెషీన్ తనేమిటో చెప్పే దాకా మీ మెషీన్ 35 సెకన్లు, అటూ ఇటూ ఐదు, చూసి ఫోన్ పెట్టేస్తుంది. మీ 40 సెకన్లు అదే.

ముందు మెషీన్‌లో వేగం తగ్గించండి. సూపర్ జీ3 అని రాసి ఉన్న మెషీన్లు వి.34 పద్ధతిలో 33,600 దాకా ప్రయత్నిస్తాయి. అడాప్టర్ల మీద అది నిలబడదు. పరిచయం దగ్గరే ఆగిపోతున్న నంబర్లలో చాలావాటికి కారణం అదే అయ్యుంటుంది. బ్రదర్ మెషీన్లలో ఇనీషియల్ సెటప్ కింద కంపాటిబిలిటీ అని ఉంటుంది, అందులో "బేసిక్ (ఫర్ వీఓఐపీ)", అంటే ఇంటర్నెట్ ఫోన్ కోసమైనది, ఎంచుకోండి, 9,600కి దిగుతుంది. హెచ్‌పీలో ఫ్యాక్స్ స్పీడ్ అనే చోట ఫాస్ట్ అంటే 33,600, మీడియం 14,400, స్లో 9,600. మీడియంతో మొదలుపెట్టి, అవసరమైతే స్లోకి దిగండి.

ఇక అడాప్టర్. ఫోన్ తగిలించి మూడుసార్లు నక్షత్రం నొక్కి, తర్వాత 02 నొక్కితే ఐపీ అడ్రస్ చదివి వినిపిస్తుంది. బ్రౌజర్‌లో అది తెరిచి ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్ట్ (ఫోన్ తగిలించే రంధ్రం) పేజీకి వెళ్లండి. ప్రిఫర్డ్ వోకోడర్ (కోడెక్, అంటే శబ్దాన్ని అంకెలుగా మార్చే పద్ధతి) వరసలో మొదటిది పీసీఎంయూ, రెండోది పీసీఎంఏ (రెండూ జి.711 రకాలే) పెట్టి, మిగతా గళ్లన్నిట్లోనూ మళ్లీ పీసీఎంయూనే నింపండి. గళ్లు వదిలేస్తే జి.729 లాంటి కుదించే కోడెక్ ఎక్కడో నక్కి ఉండి, అవతలి కంపెనీ అడిగినప్పుడు అదే ఒప్పుకుంటుంది. అది మనిషి గొంతుకి తయారైంది, మోడెమ్ కూతని గుర్తుపట్టకుండా నలిపేస్తుంది. సైలెన్స్ సప్రెషన్ "నో". జిట్టర్ బఫర్ (ఎగుడుదిగుడుగా వచ్చే ప్యాకెట్లని కాసేపు ఆపి వరసగా వదిలేది) టైప్ "ఫిక్స్‌డ్", లెంగ్త్ "హై". అడాప్టివ్‌లో వదిలేస్తే కాల్ మధ్యలో బఫర్ తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పెరిగిన ప్రతిసారీ మోడెమ్ లయ తప్పుతుంది. లైన్ ఎకో క్యాన్సలర్‌ని ఆపేయండి. దానివల్ల ఆ పోర్ట్‌లో మాట్లాడేటప్పుడు ప్రతిధ్వని రావచ్చు, ఫ్యాక్స్‌కే కేటాయించిన పోర్ట్ కాబట్టి ఇబ్బంది లేదు. కాల్ వెయిటింగ్ తప్పకుండా ఆపాలి. పేజీ వెళ్తుండగా బీప్ పడితే ఆ పేజీ పోయినట్టే.

వైరు కూడా చూడండి. అడాప్టర్‌నుంచి వచ్చే తీగ మెషీన్‌లో "లైన్" అని ఉన్న రంధ్రంలోకే పోవాలి, "ఈఎక్స్‌టీ"లోకి కాదు. మధ్యలో పాత డీఎస్ఎల్ ఫిల్టర్ గానీ, స్ప్లిట్టర్ గానీ, గోడలోని పాత ఫోన్ వైరింగ్ గానీ ఉండకూడదు.

మధ్యలో తెగడానికి నా అనుమానమంతా మీ 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద. జి.711 కాల్‌కి ఒక్కో వైపు 87 కేబీపీఎస్ దాకా చాలు, కాబట్టి వెడల్పు సమస్య కాదు. ఎక్స్‌రేలు గానీ బ్యాకప్‌లు గానీ క్లౌడ్‌కి ఎక్కుతున్నప్పుడు మోడెమ్ దగ్గర క్యూ పేరుకుపోయి ఫ్యాక్స్ ప్యాకెట్లు వాటి వెనక నిలబడతాయి. పట్టుకోవడం తేలిక. పెద్ద ఫైల్ ఒకటి అప్‌లోడ్‌కి పెట్టి, అదే సమయంలో ప్రొవైడర్ సర్వర్‌కి పింగ్ పది నిమిషాలు నడవనివ్వండి. మామూలప్పుడు 20 మిల్లీసెకన్లు ఉండేది అప్‌లోడ్ మొదలవగానే 200, 300 అయితే దొంగ దొరికినట్టే. రౌటర్‌లో అప్‌లోడ్‌ని 8.5 ఎంబీపీఎస్‌కి కట్టేసి, అడాప్టర్ ఐపీకి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. ఎస్‌క్యూఎం (క్యూ పేరుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న రౌటర్ అయితే ఇంకా మంచిది.


టెలికాం_రవి:

మూర్తి గారు చెప్పినదాంట్లో ఒకదానికి మాత్రం నేను ఒప్పుకోను. బ్రదర్‌లో "బేసిక్ (ఫర్ వీఓఐపీ)" పెడితే వేగం తగ్గడమే కాదు, ఈసీఎం కూడా ఆగిపోతుంది. క్లినిక్‌లో ఆ పని చేసేముందు ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

ఈసీఎం ఉంటే పేజీ 256 బైట్ల ముక్కలుగా వెళ్తుంది. అలాంటివి 256 దాకా ఒక కట్ట. కట్ట అందగానే అవతలి మెషీన్ ఏయే ముక్కలు పాడయ్యాయో చెబుతుంది, మీ మెషీన్ వాటిని మాత్రం మళ్లీ పంపుతుంది. నాలుగుసార్లు అడిగినా సరిగా రాకపోతే వేగం తగ్గించడమో, ఆపేయడమో. అందుకే లైను బాగాలేనప్పుడు ఈసీఎం ఉన్న ఫ్యాక్స్ సాగి సాగి చివరికి తెగుతుంది. తీసేస్తే తెగదు, నిజమే. ఎందుకు తెగదంటే, పాడైన గీతల్ని ఎవరూ మళ్లీ అడగరు కాబట్టి. పాడైన గీత స్థానంలో అవతలి మెషీన్ పై గీతనే ఇంకోసారి అచ్చేస్తుంది, లేదా తెల్లగా వదిలేస్తుంది. పాడైన గీతలు మరీ ఎక్కువైతే తప్ప మీ రిపోర్ట్‌లో "ఓకే" అనే వస్తుంది.

పేజీని కుదించి పంపే ఎంఆర్ కోడింగ్‌లో ప్రతి గీతా పై గీతతో పోల్చి రాసిందే. ఒకచోట తప్పు పడితే స్టాండర్డ్ రిజల్యూషన్‌లో రెండు గీతల దాకా, ఫైన్‌లో నాలుగు గీతల దాకా అది కిందికి పాకవచ్చు. స్టాండర్డ్‌లో అంగుళానికి ఉండేవి 98 గీతలే. 0.5 మిల్లీగ్రాములు అని రాసినచోట ఆ చుక్క ఎత్తు ఒకటి రెండు గీతలకి మించదు. సరిగ్గా అక్కడ దెబ్బ పడితే 05 అని చేరుతుంది, పంపినవాళ్లకి "ఓకే" అని వస్తుంది. మందుల కాగితాలు పంపే చోట నేను ఈసీఎం తీయను. వేగం 9,600కో 7,200కో దించి, ఈసీఎం ఉంచి, నెట్‌వర్క్‌ని బాగుచేస్తాను. మీ మెషీన్‌లో వేగానికీ ఈసీఎంకీ విడివిడి మీటలు లేకపోతే "నార్మల్" (14,400, ఈసీఎంతో) ఉంచండి. ట్రైనింగ్ (మొదట్లో వేగం సరిచూసుకోవడం) కుదరకపోతే మెషీన్లే 12,000, 9,600, 7,200 అని మెట్లు దిగుతాయి.

ఇప్పుడు టి.38. "ఆన్ చేయండి" అన్నారంటే సగమే చెప్పారు. టి.38లో ఫ్యాక్స్ శబ్దంగా పోదు. మీ అడాప్టరే మోడెమ్‌లా కూతని విని, బిట్లు విడదీసి, ప్యాకెట్లలో పెట్టి పంపుతుంది. అవతల ఫోన్ నెట్‌వర్క్‌లోకి దిగే చోట ఇంకో గేట్‌వే ఆ బిట్లని మళ్లీ కూతగా మారుస్తుంది. ప్రతి ప్యాకెట్‌లో ముందు ప్యాకెట్ల నకలు కూడా పెట్టొచ్చు కాబట్టి ఒకటి రెండు పోయినా నష్టం ఉండదు. పద్ధతి నిజంగా మంచిది. కానీ ఇది రెండు చివరలూ ఒప్పుకోవాల్సిన సంగతి. కాల్ మామూలుగా జి.711లో మొదలవుతుంది. ఫ్యాక్స్ కూత వినబడగానే, ఎక్కువగా కాల్ అందుకున్న వైపు గేట్‌వే, టి.38కి మారదామని రీ-ఇన్వైట్ (నడుస్తున్న కాల్ పద్ధతి మార్చమని అడిగే సందేశం) పంపుతుంది. మీ ప్రొవైడర్ ఒక్కో నంబర్‌కి ఒక్కో టోకు కంపెనీ ద్వారా కాల్ పంపుతుంది. వాటిలో కొన్ని టి.38 మోస్తాయి, కొన్ని 488 (ఇది కుదరదనే జవాబు) అని తిప్పికొడతాయి, కొన్ని ఒప్పుకుని మధ్యలో చెడగొడతాయి. ఒకే సెట్టింగ్‌తో కొన్ని నంబర్లు బాగై, కొన్ని పాడవడానికి కారణం ఇదే.

కాబట్టి ముందు టి.38 తీసి ఫ్యాక్స్ మోడ్‌లో "పాస్-త్రూ" (ఫ్యాక్స్ మామూలు శబ్దంగానే జి.711లో పోవడం) పెట్టండి. మూర్తి గారి మార్పులన్నీ అయ్యాక పది పేజీలు పంపి చూడండి. నిలబడితే అక్కడే ఆగండి. నిలబడకపోతే ప్రొవైడర్‌ని సూటిగా అడగండి: "మా ట్రంక్‌కి టి.38 బయటికి వెళ్లే కాల్స్ అన్నిటికీ ఉందా, కొన్ని రూట్లకేనా? 488 వస్తే కాల్ జి.711లో కొనసాగుతుందా, తెగుతుందా?" చాలా కంపెనీల్లో ఫ్యాక్స్ నంబర్ అని గుర్తు పెడితే టి.38 మోసే రూట్లకే పంపే వీలు ఉంటుంది, అడిగితే పెడతారు.

ఒక మాట: టి.38 పాత వెర్షన్లు 14,400 దాకానే. వి.34 అందులో లేదు. మెషీన్‌లో వి.34 ఆన్ ఉండి గేట్‌వే దాన్ని సరిగా అణచకపోతే, రెండు మెషీన్లూ 33,600 మాట్లాడుకోవాలని చూస్తుంటాయి, మధ్యలోవాడికి ఆ భాష రాదు. ఏ మోడ్‌లో ఉన్నా వి.34 ఆఫ్.


శ్రీలక్ష్మి:

మూర్తి గారికీ రవి గారికీ చాలా కృతజ్ఞతలు. మెషీన్ 14,400, ఈసీఎం ఆన్. అడాప్టర్‌లో కోడెక్, జిట్టర్ బఫర్, ఎకో, కాల్ వెయిటింగ్ అన్నీ మీరు చెప్పినట్టే మార్చాం. పింగ్ మామూలుగా 18 మిల్లీసెకన్లు, బ్యాకప్ నడుస్తుంటే 340 దాకా పోయింది. అప్‌లోడ్ 8.5కి కట్టాక 30 దాటడం లేదు. పాస్-త్రూలో ఇన్సూరెన్స్ కాగితాలు పది పేజీలూ వెళ్తున్నాయి. ఫార్మసీ నంబర్లు కూడా పలుకుతున్నాయి, ఒకటి తప్ప.

ఆ ఒక్కదాని కోసం టి.38 మళ్లీ ఆన్ చేసి చూశాం. దానికి వెళ్లింది. అయితే టి.38 ఆన్‌లో ఉన్నంతసేపూ మాకు వచ్చే ఫ్యాక్స్‌లు ఏ నంబర్‌నుంచి వచ్చినా అర నిమిషం దాటగానే తెగిపోతున్నాయి. పాస్-త్రూలో ఈ తంటా లేదు. ఇదేమిటి?


టెలికాం_రవి:

ఎప్పుడూ ఒకే సమయానికి తెగుతోందంటే అది ప్యాకెట్లు పోవడం కాదండి, గడియారం. సిప్‌లో (ఇంటర్నెట్ కాల్స్‌ని కలిపే, తెంచే సందేశాల పద్ధతి) ఒక సందేశానికి జవాబు అందిందని ఏసీకే అనే రసీదు రావాలి. రాకపోతే అవతలివాడు మళ్లీ మళ్లీ పంపి 32 సెకన్లు చూసి కాల్ కట్ చేస్తాడు. అర సెకను టైమర్‌కి 64 రెట్లు, అందుకే 32.

మీకు వచ్చే కాల్‌లో టి.38కి మారదామని రీ-ఇన్వైట్ పంపేది మీ అడాప్టర్. ప్రొవైడర్ సరేనంటుంది. దానికి అడాప్టర్ పంపిన ఏసీకే దారిలో ఎక్కడో చెడుతోంది. పాస్-త్రూలో రీ-ఇన్వైట్టే ఉండదు కాబట్టి తెగదు. నూటికి తొంభై పాళ్లు మీ రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ పని ఇది. సాయం చేస్తున్నాననుకుని సిప్ సందేశాల లోపలి అడ్రస్‌లు దిద్దుతుంది, శబ్దం నుంచి ఇమేజ్‌కి (అంటే టి.38కి) మారే సందేశాన్ని తప్పుగా దిద్దుతుంది. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆపి, రౌటర్‌నీ అడాప్టర్‌నీ రెంటినీ రీబూట్ చేయండి. పాత కనెక్షన్ల పట్టిక చెరిగితేనే ఫలితం కనిపిస్తుంది. కేబుల్ కంపెనీ ఇచ్చిన మోడెమ్ కూడా రౌటర్‌గా పనిచేస్తుంటే అందులోనూ ఏఎల్‌జీ ఉంటుంది. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి మోడెమ్‌గా మాత్రమే ఉండేలా) పెట్టమనండి.

అప్పటికీ తెగితే అడాప్టర్‌లో "రీ-ఇన్వైట్ ఆఫ్టర్ ఫ్యాక్స్ టోన్ డిటెక్టెడ్" అనేది డిజేబుల్ చేయండి. అప్పుడు అడాప్టర్ తనంతట తాను టి.38 అడగదు, అవతలివాళ్లు అడిగితే మాత్రం ఒప్పుకుంటుంది. ఆ ఒక్క ఫార్మసీకీ వెళ్తుంది, వచ్చేవి జి.711లోనే వస్తాయి.

రుజువు కావాలంటే స్విచ్‌లో పోర్ట్ మిర్రర్ (అడాప్టర్ ప్యాకెట్ల నకలు మీ కంప్యూటర్‌కీ వచ్చే సెట్టింగ్) పెట్టి, ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రాంలో కాల్ పట్టండి. టెలిఫోనీ మెనూలో వీఓఐపీ కాల్స్, అందులో ఫ్లో సీక్వెన్స్ చూస్తే ఇన్వైట్, 200 (సరేనన్న జవాబు), ఏసీకే బాణాలు వరసగా కనిపిస్తాయి. 200 పదే పదే వస్తుంటే రసీదు అందలేదన్నమాట. పాస్-త్రూ కాల్ అయితే ఆర్‌టీపీ స్ట్రీమ్స్‌లో (శబ్దం ప్యాకెట్ల లెక్క) "లాస్ట్" అంకె సున్నా ఉండాలి. ఒక జాగ్రత్త: ఆ ఫైల్‌లో ఫ్యాక్స్ పేజీ యథాతథంగా ఉంటుంది, దాన్ని మళ్లీ బొమ్మగా మార్చగలిగే సాధనాలున్నాయి. పేషెంట్ కాగితంతో పరీక్ష చేసి ఆ ఫైల్‌ని సపోర్ట్‌కి ఈమెయిల్ చేస్తే హిపా (పేషెంట్ల సమాచార గోప్యతకి అమెరికా చట్టం) ఉల్లంఘనే. వార్తాపత్రిక పేజీ ఏదైనా స్కాన్ చేసి దానితోనే పరీక్షించండి. తెల్ల కాగితం వద్దు, అది క్షణాల్లో వెళ్లిపోయి ఏదీ తేలనివ్వదు.


వాసు_బెజవాడ:

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ఇక్కడ విజయవాడలో మా ఆఫీసులో ఫైబర్ కనెక్షన్‌తోపాటు ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే) పెట్టెకే ఫోన్ రంధ్రం ఉంది. ఫ్యాక్స్ దానికే తగిలించాం. ఆ పెట్టెలోకి మాకు లాగిన్ ఇవ్వలేదు. పైన చెప్పినవేవీ మార్చలేం. ఏం చేయొచ్చు?


నెట్_మూర్తి:

వాసు గారూ, ఆ పెట్టెలో ఉన్నది కూడా ఇలాంటి అడాప్టరే, తాళం వాళ్ల దగ్గర ఉంది అంతే. మీ చేతిలో ఉన్నది మెషీన్ ఒక్కటే: వి.34 ఆఫ్, 9,600, స్టాండర్డ్ రిజల్యూషన్. ఫొటో మోడ్ వద్దు, బూడిద రంగు పట్టీలున్న ఫారాలు వద్దు. చుక్కల మయమైన పేజీ మామూలు అక్షరాల పేజీకన్నా ఎన్నో రెట్లు పెద్దదవుతుంది, ఎంతసేపు లైనులో ఉంటే అంత ప్రమాదం. కంపెనీకి ఫిర్యాదు రాసేటప్పుడు "ఫ్యాక్స్ పనిచేయడం లేదు" అని రాయకండి. "వాయిస్ పోర్ట్‌లో కోడెక్ జి.711 ఏ-లా ఒక్కటే ఉంచండి, సైలెన్స్ సప్రెషన్ తీయండి, కాల్ వెయిటింగ్ తీయండి" అని మూడు ముక్కలు రాయండి. మన దగ్గర వాడేది ఏ-లా (పీసీఎంఏ), అమెరికాలో మ్యూ-లా (పీసీఎంయూ). పై పోస్టులో చెప్పిన పీసీఎంయూని ఇక్కడికి దించుకోకండి.

శ్రీలక్ష్మి గారూ, ఈసీఎం సంగతిలో రవి గారి మాటే పట్టుకోండి, మందుల కాగితాలకి అదే సరైనది. ఏఎల్‌జీ తీశాక కూడా ఆ ఒక్క నంబర్ మొండికేస్తే దానికోసం మొత్తం అమరిక కదపొద్దు. హెచ్‌టీటీపీఎస్ మీద నడిచే ఫ్యాక్స్ అడాప్టర్లు వేరే ఉన్నాయి. మెషీన్ పంపే పేజీలని పెట్టె అక్కడికక్కడే అందుకుని, ఫైల్‌గా మార్చి ఎన్‌క్రిప్ట్ చేసి క్లౌడ్‌కి పంపుతుంది. ఫోన్ నెట్‌వర్క్ మీద అసలు ఫ్యాక్స్ పంపేది అక్కడి సర్వర్. మీ ఇంటర్నెట్‌లో ప్యాకెట్ పోతే టీసీపీ మళ్లీ తెస్తుంది. ఫ్యాక్స్‌కి అక్కరకొచ్చే గుణం అదే. ఒక తేడా గుర్తుంచుకోండి: మెషీన్‌లో వచ్చే "ఓకే" పెట్టెకి చేరిందని మాత్రమే, అవతలివాళ్లకి చేరిందో లేదో తర్వాత వచ్చే ఈమెయిల్‌లోనో పోర్టల్‌లోనో చూడాలి. ఏ కంపెనీది తీసుకున్నా ముందు బీఏఏ (పేషెంట్ల సమాచారాన్ని కాపాడతామని హిపా కింద ఇచ్చే ఒప్పందం) మీద సంతకం చేస్తారా అని అడగండి, చేయనంటే ఇంకో కంపెనీని చూడండి.


శ్రీలక్ష్మి:

సిప్ ఏఎల్‌జీ రౌటర్‌లోనూ కేబుల్ మోడెమ్‌లోనూ రెండుచోట్లా ఆన్‌లో ఉంది. రెండూ తీసి రీబూట్ చేశాం. టి.38 ఆన్‌లో ఉండగానే వచ్చే ఫ్యాక్స్‌లు ఇప్పుడు చివరి పేజీ దాకా వస్తున్నాయి, ఆ ఫార్మసీకీ వెళ్తోంది. పాస్-త్రూకి వెనక్కి మార్చాలా, ఇలాగే ఉంచాలా?


టెలికాం_రవి:

ఇలాగే ఉంచండి. ముందు పాడైన నంబర్లకి ఒక్కోదానికి నాలుగైదు పేజీలు పంపి చూసుకోండి. వాటిలో ఏదైనా మళ్లీ తెగితే ఆ నంబర్, తేదీ, సమయం రాసి ప్రొవైడర్‌కి పంపి, ఆ రూట్ మార్చమనండి. అడాప్టర్ సెట్టింగులు ఇక ముట్టుకోకండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత మాత్రం కోడెక్ వరస, జిట్టర్ బఫర్ ఒకసారి సరిచూడండి. ప్రొవైడర్ దూరంనుంచి కాన్ఫిగ్ తోసే పద్ధతి ఉంటే మీరు పెట్టినవన్నీ రాత్రికి రాత్రి చెరిగిపోవచ్చు. ఈ విలువలనే వాళ్ల టెంప్లేట్‌లో పెట్టమని ఇప్పుడే ఒక టికెట్ వేసి ఉంచండి.